మన ఊరి వరసలు ఎక్కడ ఆగిపోతున్నాయి?

డిండివాగు (దేవరకొండ దగ్గరి ఊరు, ప్రస్తుతం హైదరాబాద్)

దసరాకు ఊరికి వెళ్ళి వచ్చి పది రోజులైంది. ఒక విషయం మనసును తొలుస్తూనే ఉంది. నాకంటే ముందు దీని గురించి ఆలోచించినవారు ఈ చర్చా వేదికలో ఉంటారన్న ఆశతో రాస్తున్నాను.

పండుగ మరునాటి ఉదయం నేను అరుగు మీద కూర్చున్నాను. ఎనిమిదేళ్ళ నా కొడుకు వాకిట్లో ఆడుకుంటుంటే బంతి వెళ్ళి పశువుల కొట్టంలో పడింది. అక్కడ మా ఇంటి జీతగాడు పేడ ఎత్తుతున్నాడు. ఈ వాక్యం రాసి ఆగిపోయాను. 'ఎత్తుతున్నాడు' అని చెయ్యి దానంతటదే రాసింది. ఆయనకు డెబ్బై ఏళ్ళు. ఎత్తుతున్నారు. నా కొడుకు నిలబడిన చోటి నుంచే ఆయన పేరును సగానికి విరిచి, చివర 'గా' తగిలించి, "బంతి ఇటు వెయ్యి" అని కేకవేశాడు. ఆయన గంప దించి, చేతులు పంచెకు తుడుచుకుని, బంతి తెచ్చి వాడి ముందు పెట్టి "ఇదిగో చిన్న పంతులూ" అన్నారు. మా తాత ఊరి పట్వారీ, భూమి లెక్కలు రాసేవారు. ఆ పిలుపు అక్కడి నుంచి వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పూర్తి పేరు చివర 'అయ్య' ఉంటుందని మాత్రం చెబుతాను. అయ్య అంటే తండ్రి. మా ఇంట్లో మూడు తరాలుగా ఆ అయ్యను తీసేసి పిలుస్తున్నాం. పన్నెండో ఏట మా తాత దగ్గర జీతానికి కుదిరారు, ఉగాది నుంచి ఉగాదికి లెక్క. నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరకు తీసుకువెళ్ళింది ఆయనే. అలా మోసిన మనిషిని నలభై ఏళ్ళుగా నేను కూడా 'గా' అనే పిలిచాను.

నా కొడుకు హైదరాబాద్‌లో పుట్టి పెరిగాడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అంకుల్ అంటాడు. చెత్త బండి నడిపే అతన్ని అన్న అంటాడు. ఊళ్ళో ఉన్నది మూడు రోజులు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా నాన్న పిలుస్తుంటే విన్నాడు, నేను పిలుస్తుంటే విన్నాడు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్ళో నేను ఎవరిని ఏమని పిలుస్తానో వరుసగా గుర్తు చేసుకున్నాను. కుమ్మరి తాత, గౌండ్ల మామ, గొల్ల బావ, చాకలి అవ్వ, బట్టలు కుట్టే చాచా. ఎవరితోనూ రక్త సంబంధం లేదు. అయినా ఊరంతా వరస ఉంది. మతం వేరైనా చాచాకు వరస ఉంది. చింతచెట్టు దాటి దళితులుండే వాడలోకి వచ్చేసరికి ఒక్క వరసా గుర్తుకు రాలేదు. అక్కడ తాత లేడు, మామ లేడు, అవ్వ లేదు. అన్నీ విరిగిన పేర్లే.

మీలో ఎవరైనా మీ ఇంట్లో ఈ పిలుపును మార్చగలిగారా? ఎక్కడ మొదలుపెట్టారు?


పానగల్లు చెరువు (నల్లగొండ, విశ్రాంత ఉపాధ్యాయుడు)

డిండివాగు గారూ, మీ బాధ నిజాయితీగా ఉంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. మనవైపు 'నువ్వు' అనడం అమర్యాద కాదు. మా అమ్మను నువ్వు అనే పిలిచాను. నాన్నను "బాపూ, నువ్వు తిన్నావా" అనే అడిగాను. సర్పంచును కూడా "కాకా, నువ్వు రా" అనేవాళ్ళం. ఆ ఏకవచనంలో చనువు ఉంది, ప్రేమ ఉంది. 'మీరు', 'గారు' మా చిన్నతనంలో సర్కారు కచేరీలలోనో బడిలోనో వినిపించేవి. ఇప్పుడు పిల్లలకు అందరినీ మీరు అనాలని నేర్పితే పట్నపు మర్యాద వస్తుందేమో, మన పలుకులోని దగ్గరితనం పోతుంది. మన భాషను మనమే చిన్నచూపు చూడడం ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను.


డప్పుదరువు (అచ్చంపేట)

పానగల్లు గారూ, 'నువ్వు' విషయంలో మీతో నాకు పేచీ లేదు. కాని మీ ఉదాహరణలలో నువ్వుకు ముందు ఏముందో చూడండి. "బాపూ, నువ్వు." "కాకా, నువ్వు." రెండుచోట్లా ముందు వరస ఉంది. మా నాన్న దగ్గరికి వచ్చిన నువ్వుకు ముందు 'ఒరే' ఉండేది. మీరు చెప్పే తియ్యదనం ఆ నువ్వులో మాకు ఎన్నడూ తగలలేదు.

నేను ఐదో తరగతి చదివేటప్పుడు మా నాన్న నన్ను శ్రీశైలం రోడ్డు మీది ఒక హోటల్‌కు తీసుకువెళ్ళాడు. చూరులో చెక్కిన గ్లాసు తీసి, తొట్టి దగ్గర కడిగి, ముందుకు చాచాడు. పైనుంచి చాయ్ పోశారు. తాగి, మళ్ళీ కడిగి, చూరులోనే చెక్కాడు. నేను లోపలి బల్ల మీద కూర్చోబోతే భుజం పట్టుకుని ఆపాడు. అప్పటికి రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి నాలుగు దశాబ్దాలు గడిచాయి. 1955లో దాని మీద ప్రత్యేక చట్టం వచ్చింది, 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మా హోటల్ చూరు వరకు అవేవీ రాలేదు. ఆ హోటల్‌లో కూర్చున్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. మా నాన్నతో నవ్వుతూ మాట్లాడారు, వానల గురించి అడిగారు. ఎవరికీ చూరు కనిపించలేదు. నాకు కోపం కంటే ఎక్కువగా గుర్తున్నది అదే. మాకు రోజూ కనిపించేది వాళ్ళకు కనిపించవలసిన అవసరమే లేదు.

గ్లాసు పోయింది. ఇప్పుడు అందరికీ కాగితపు కప్పులే. పిలుపు మాత్రం పోలేదు. అది కాగితాల్లో కూడా ఉంది. మా నాన్నకు రెండు ఎకరాల పది గుంటల లావణి పట్టా, అంటే సర్కారు పేదలకు ఇచ్చే భూమి పట్టా ఉంది. పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో ఆయన పేరు చివర 'గాడు' అని ఉంటుంది. తండ్రి పేరు కాలమ్‌లో మా తాత పేరు చివర కూడా 'గాడు' అనే ఉంటుంది. అదే పేజీలో పైనా కిందా ఉన్న మిగతా పట్టాదారులు రెడ్డి, రావు, అయ్య. రాసినవారు ఊళ్ళో ఎలా పిలిచారో అలాగే రాసుకున్నారు. ఆధార్‌లో మా నాన్న చివర 'అయ్య'. ఆయన పోయాక విరాసత్ కోసం, అంటే భూమిని వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి వెళితే, వీరిద్దరూ ఒకరేనని రుజువు ఏమిటని అడిగారు. మూడేళ్ళు తిరిగాను. మా నాన్నను ఊరు అవమానించిన తీరు మాకు భూమి రాకుండా అడ్డుపడింది. అవమానం మాటతో పోతుందని ఎవరైనా అంటే నాకు ఆ పహాణీ కాగితం గుర్తుకు వస్తుంది.

డిండివాగు గారూ, మీ ఇంటి పెద్దాయనకు మీరు 'గారు' తగిలించకపోయినా ఫరవాలేదు. ముందు ఆయన పేరును పూర్తిగా పలకండి.


ఎర్రనేల (సూర్యాపేట)

పిలుపు గురించి మా తాత చెప్పినది ఒకటి రాస్తాను. ఆయన సంఘంలో, అంటే దొరల మీద రైతులను కూడగట్టిన ఆంధ్ర మహాసభలో పనిచేశాడు. సంఘం రాకముందు దొర గడీ ముందు నుంచి వెళ్ళాలంటే చెప్పులు చేత పట్టుకుని, తలగుడ్డ తీసి నడవాలి. ఏ మాటకైనా ముందు 'బాంచెన్' అనాలి. బాంచ అంటే దాసి. అంటే నోరు తెరిచిన ప్రతిసారీ నేను నీ బానిసను అని చెప్పి, ఆ తరువాతే అసలు మాట చెప్పాలి. సంఘం మొదట అడిగినవాటిలో భూమి లేదు. వెట్టి ఆగాలి, అక్రమ వసూళ్ళు ఆగాలి అన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు చనిపోయిన తరువాత పల్లెలు ఒక్కసారిగా లేచాయి.

మా ఊళ్ళో దళంలోకి వాడ నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు వెళ్ళారు. మా తాత కంటే చిన్నవాళ్ళు. వాళ్ళు తుపాకితో ఊళ్ళోకి వచ్చిన రాత్రి మా తాత నోటివెంట మొదటిసారి 'అన్నా' అనే మాట వచ్చిందట. భయంతో అన్నావా అని నేను అడిగాను. చాలాసేపు ఆలోచించి, మొదట భయంతోనే, తరువాత అలవాటైంది అన్నాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. పారిపోయిన దొరలు తిరిగి వచ్చారు. 1951లో సాయుధ పోరాటాన్ని విరమించారు. అన్నా అనిపించుకున్న ఇద్దరిలో ఒకరు జైలు నుంచి వచ్చాక మళ్ళీ పాత పేరే, పాత 'గాడే'. మా తాత కూడా అలాగే పిలిచాడు. ఎనభై రెండేళ్ళ వయసులో ఈ మాట నాతో చెప్పి ఏడ్చాడు.

అందుకే నాకు ఒక అనుమానం. భూమి, బలం మారినంత కాలమే పిలుపు మారుతుందా? మనసు మారి, పిలుపు మారి, అది నిలబడిన ఊరు ఎక్కడైనా ఉందా?


సోమశిల రేవు (కొల్లాపూర్)

మా ఊళ్ళో అలాంటి తేడాలు లేవు. మేము వాడలో అందరినీ వరస పెట్టే పిలుస్తాం. మా పొలం పనికి వచ్చే ఒకాయన నాకు బావ. చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకుంటాం, పరాచికాలాడుకుంటాం. అన్ని ఊళ్ళనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.


డప్పుదరువు

సోమశిల రేవు గారూ, సంతోషం. ఒకటే అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. బావ అంటే ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చునే మనిషి. మీ బావ మీ ఇంట్లో ఎక్కడి వరకు వచ్చారు? ఆయన ఇంట్లో పెళ్ళికి మీరు వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నారా, కట్నం చదివించి లేచి వచ్చారా?


తండా గాలి (దేవరకొండ, ప్రభుత్వ ఆసుపత్రి నర్సు)

ఇక్కడ అందరూ 'గాడు' గురించి మాట్లాడుతున్నారు. ఆడవాళ్ళకు ఏం జరుగుతుందో నేను చెబుతాను. మాకు 'అది'.

తెలుగులో ఇంటి ఆడపిల్లను ప్రేమగా 'అది' అంటారు. నాకు ఆ సంగతి తెలుసు. నా స్నేహితురాళ్ళు నన్ను అలాగే అంటారు. కాని ఆసుపత్రిలో ఒక రోగి బంధువు నా గురించి "అది ఎక్కడికి పోయింది" అని అడిగినప్పుడు, పక్కనే ఉన్న ఇంకో నర్సు గురించి "ఆ మేడమ్" అన్నప్పుడు, రెంటికీ మధ్య ఉన్నది ఏమిటో నాకు అర్థమవుతుంది. ఇద్దరివీ ఒకే బట్టలు, ఒకే చదువు. నా మాటలో తండా యాస ఉంది, అంతే. తెలుగులో ఒక స్త్రీని గొడ్డూగోదా, రాయీరప్పలతో కలిపి 'అది' అనవచ్చు. ఏ స్త్రీని అలా అనవచ్చో, ఎవరిని అనకూడదో వ్యాకరణ పుస్తకం చెప్పదు. కులం చెబుతుంది.

మా అమ్మ సీతాఫలాల కాలంలో బస్టాండు దగ్గర గంప పెట్టుకుని కూర్చునేది. మనవడి వయసున్న పిల్లలు కూడా "ఏయ్ లంబాడీ, ఎంత?" అని అడిగేవారు. ఆమె పేరు ఏమిటో ఇరవై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదు. 1976లో తెలంగాణలో మమ్మల్ని షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చారు. నా చదువు, ఈ ఉద్యోగం ఆ జాబితా వల్లనే వచ్చాయి. దాచుకోవలసిన విషయమేమీ కాదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే "రిజర్వేషన్ మీద వచ్చిందా" అని అడిగారు. మా అమ్మ గంప పక్కన చదువుకున్న గంటలను ఎవరూ లెక్క అడగలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. మా తండాలో మాదిగ ఇంటి నీళ్ళు తాగరు. మా అమ్మ కూడా తాగదు. నేను నర్సింగ్ హాస్టల్‌లో చేరేవరకు తాగలేదు. మొదటి రోజు నా పక్క మంచం అమ్మాయి కుండలోంచి నీళ్ళు ఇస్తే దాహం లేదని చెప్పాను. ఆ అమ్మాయికి అర్థమైంది. ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్ళైంది, ఇప్పుడు మేము అక్కచెల్లెళ్ళలా ఉంటాం. ఆ నీళ్ళ గురించి ఇంతవరకు క్షమించమని అడగలేదు. ఈ రాత్రి ఫోన్ చేస్తాను.


డప్పుదరువు

తండా గాలి అక్కా, మీరు అంత ధైర్యంగా రాశాక నేను మౌనంగా ఉండడం తప్పు. మా వాడకు ఏడాదికోసారి డక్కలివారు వచ్చేవారు. మా కులపురాణం చెప్పేది వాళ్ళే, మా గోత్రాలు గుర్తుంచుకున్నది వాళ్ళే. వాళ్ళకు మా ఇళ్ళలోకి రాక లేదు. వాడ చివర, ఊరికి మేమెంత దూరమో మాకు అంత దూరంలో దిగేవారు. మా నాన్న వాళ్ళకు బియ్యం ఎత్తు నుంచి పోసేవాడు. హోటల్‌లో తనకు చాయ్ పోసిన ఎత్తు నుంచే. ఆ రెంటినీ కలిపి చూడడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. 2025లో మన రాష్ట్రం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి, మరీ వెనుకబడిన 15 కులాలకు వేరుగా ఒక శాతం కేటాయించినప్పుడు నా మిత్రులు కొందరు లెక్కల మీద వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ బియ్యం గుర్తుకు వచ్చింది.


సోమశిల రేవు

నిన్న మీరు అడిగినదానికి వెంటనే జవాబు రాయాలని కూర్చుని రాయలేకపోయాను. బావ మా వాకిలి వరకు వచ్చాడు. గడప దాటలేదు. మేము దాటవద్దని ఎన్నడూ అనలేదు. ఆయన దాటలేదు, మేము రమ్మనలేదు. ఆయన కూతురి పెళ్ళికి వెళ్ళాను, ఐదు వందల పదహార్లు చదివించాను, ఇంటి దగ్గర పని ఉందని తినకుండా వచ్చాను. పని లేదు.

తేడాలు లేవని రాసినందుకు చింతిస్తున్నాను.


కృష్ణ ఒడ్డు (మిర్యాలగూడ, ప్రస్తుతం అమెరికా)

ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళైంది. మొదటి ఏడాది మా మేనేజర్ నా పేరు పలకడం కష్టమని రెండక్షరాలకు కుదించాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఇంటికి వచ్చి భార్యతో గంటసేపు అదే మాట్లాడాను. నా తల్లిదండ్రులు పెట్టిన పేరును కోసే హక్కు అతనికి ఎవరిచ్చారని అన్నాను. డిండివాగు గారు రాసినది చదువుతున్నంతసేపూ ఆ రాత్రి నేను మాట్లాడిన మాటలే చెవిలో వినిపించాయి. మా ఊళ్ళో నేను ఎంతమంది పేర్లు కోశానో లెక్కే లేదు.

ఈ దేశంలో పిలుపు మీద ఒక కేసు నడిచింది. 1963లో అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్‌లో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి యువతి కోర్టు బోనులో నిలబడింది. పౌరహక్కుల ఉద్యమ కార్యకర్త. అక్కడి అలవాటు ప్రకారం తెల్లవారిని మిస్టర్, మిస్ అని ఇంటిపేరుతో పిలుస్తారు, నల్లవారిని మాత్రం ఒట్టి పేరుతో పిలుస్తారు. తలనెరిసిన మగవాణ్ణి కూడా 'బాయ్' అంటారు, అంటే మన 'ఒరే' లాంటిదే. ప్రభుత్వ న్యాయవాది ఆమెను 'మేరీ' అన్నాడు. సరిగా పిలిస్తే తప్ప జవాబు చెప్పనంది. న్యాయమూర్తి కోర్టు ధిక్కారం కింద ఐదు రోజుల జైలు, యాభై డాలర్ల జరిమానా వేశాడు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఒక్క పిలుపు కోసం ఆమె జైలుకు వెళ్ళింది. డిండివాగు గారి పెద్దాయన అలా బోనులో నిలబడి అడిగే అవకాశం ఏ రోజున వచ్చింది?

ఇంకొకటి మనవాళ్ళు తెలుసుకోవాలి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కేసు ఇక్కడి సుప్రీంకోర్టులో విచారణకు వచ్చింది. అప్పట్లో తెల్లవారికి పౌరసత్వం దొరికేది. తాను అగ్రకులంలో పుట్టిన ఆర్యుణ్ణని, కాబట్టి తెల్లవాడినేనని ఆయన తరఫున వాదించారు. తమ దేశంలో కిందివారిని తాము దూరం పెట్టే తీరునే అర్హతగా చూపించుకున్నారు. కోర్టు ఒప్పుకోలేదు. మనలాంటివాళ్ళకు తలుపులు తెరిచినది 1965 వలస చట్టం. అది పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే వచ్చింది. మేరీ హామిల్టన్ లాంటివాళ్ళు దెబ్బలు తిని సాధించిన వాతావరణంలో వచ్చింది. వాళ్ళు వేసిన బాట మీద మేము విమానం దిగాం. దిగి, ఇక్కడి తెలుగు విందుల్లో కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి ముందు ఇంటిపేరు అడుగుతున్నాం, తెలియకపోతే ఊరు అడుగుతున్నాం, అప్పటికీ తెలియకపోతే మాంసం తింటావా అని అడుగుతున్నాం. 2023లో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించినప్పుడు నా చుట్టూ ఉన్న చాలామంది, ఇక్కడ కులమే లేదని సంతకాలు సేకరించారు. నేను సంతకం పెట్టలేదు. వద్దని వాళ్ళతో వాదించనూ లేదు. ఆ మౌనం గురించి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.


వలసబాట (మక్తల్ వైపు, ప్రస్తుతం పుణె)

పెద్దలందరూ వరస గురించి బాగా రాశారు. నాకు వరసంటేనే భయం.

మా నాన్న పాలమూరు లేబర్. ఆనకట్టల పనులకు, కాలువ పనులకు దేశమంతా తిరిగాడు. ఏటా గుంపు మేస్త్రీ వచ్చి మా గుడిసె ముందు కూర్చునేవాడు. "తమ్ముడూ" అనేవాడు. మా అమ్మను "మరదలా, ఒక్క చెంబు నీళ్ళు ఇయ్యి" అని అడిగి తాగేవాడు. మీరు ఇక్కడ కోరుకుంటున్న మర్యాదలన్నీ చేసేవాడు. అడ్వాన్సు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకునేవాడు. పని ముగిసేసరికి అడ్వాన్సు తీరేది కాదు, కొత్త అప్పు మిగిలేది. వెట్టి చాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చిన తరువాత సంగతులే ఇవి. తమ్ముడని పిలిచినవాణ్ణి లెక్క చెప్పమని అడగడానికి మా నాన్నకు నోరు రాలేదు. వరస ఆయన నోరు కట్టేసింది.

అయినా ఒకటి ఒప్పుకుంటాను. ముంబైలో పని చేసినన్నాళ్ళు మా నాన్నను అక్కడి చాయ్ కుర్రాడు సేఠ్ అనేవాడట. ఎవరో, ఏ కులమో అక్కడ ఎవరికీ తెలియదు. ఊళ్ళో బస్సు దిగగానే మొదటి పిలుపుతోనే పేరు మళ్ళీ పొట్టిదైపోయేది. "బస్సు మెట్టు దిగుతుంటే కాళ్ళు బరువెక్కుతాయిరా" అనేవాడు. డబ్బు తక్కువ తెచ్చిన ఏడు కూడా అంత బాధపడలేదు.

డిండివాగు గారూ, మీ పెద్దాయనకు ఏడాదికి ఎంత ఇస్తున్నారు? యాభై ఎనిమిదేళ్ళ చాకిరీకి ఆయన చేతిలో ఏమి మిగిలింది? పిలుపుతో పాటు అది కూడా ఇక్కడ రాయండి.


పానగల్లు చెరువు

డప్పుదరువు గారు నన్ను సరిదిద్దారు. నువ్వుకు ముందున్న మాటను నేను చూడలేదు. రెండు రోజులుగా నా పాత హాజరు పట్టీలు కళ్ళ ముందు తిరుగుతున్నాయి. పేర్లు అందరివీ పూర్తిగానే రాశాను. పిలిచేటప్పుడు మాత్రం కొందరు పిల్లలకు 'బాబూ', 'అమ్మా' వచ్చేవి, కొందరికి వచ్చేవి కావు. ఎవరికి రాలేదో ఇప్పుడు ముఖాలు గుర్తు చేసుకుంటే తెలుస్తోంది. నీళ్ళ బిందె కూడా అందరితో వంతులవారీగా మోయించలేదు. పెద్ద ఇళ్ళ పిల్లలను ఏనాడూ మోయమనలేదు. నేను అభ్యుదయవాదినని అనుకుంటూ పదవీ విరమణ చేశాను.


డిండివాగు

వారం తరువాత రాస్తున్నాను. మొన్న శనివారం ఊరికి వెళ్ళాను.

వలసబాట గారి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. ఏడాదికి ఇచ్చేది మా నగరంలో ఇంటిపని చేసే ఆమెకు నాలుగు నెలల్లో అందేంత. దానికి తోడు వడ్లు, పండుగకు బట్టలు. మా నాన్నతో ఈ లెక్క ఎత్తితే, ఇల్లు కట్టుకునేటప్పుడు సాయం చేశాం కదా అన్నారు. చేసిన మాట నిజం. ఇవ్వవలసింది ఇవ్వకుండా, ఇచ్చినదాన్ని దానమని చెప్పుకున్నాం. ఈ నెల నుంచి ఆయన జీతం నేను ఇస్తాను, నెలకు ఇస్తాను. ఎంత అన్నది ఆయన కొడుకుతో కూర్చుని మాట్లాడాను.

పిలుపు సంగతి. కొట్టం దగ్గరికి వెళ్ళి "తాతా" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరినో పిలిచాననుకున్నారు. మళ్ళీ అన్నాను. ఆయన ముఖం సంతోషించలేదు. కంగారు పడింది. "మీ నాయన వింటే బాగుండదు, ఎందుకు బిడ్డా ఇదంతా" అన్నారు. నా మనసు తేలిక చేసుకోవడానికి ఆయన నెత్తిన కొత్త బరువు పెట్టానేమో అని అప్పుడు తట్టింది. తరువాత పేరు పూర్తిగా, అయ్యతో సహా పలికాను. దానికి ఏమీ అనలేదు. గంప అందుకుని పనిలో పడ్డారు.

సాయంత్రం ఆయన కొడుకు ఒక జిరాక్సు కాగితం తెచ్చి చూపించాడు. ఎకరా ఇరవై గుంటల లావణి పట్టా, ఆయన తండ్రి పేరు మీద. ఇంకా మారలేదు. కారణం డప్పుదరువు గారు రాసినదే. పహాణీలో ఇద్దరి పేర్ల చివరా 'గాడు'. నేను ఆ కాగితాన్ని దీపం వెలుగులోకి జరిపి చూశాను. ఆ రాత నాకు తెలుసు. నా మొదటి పలక మీద అక్షరాలు దిద్దించిన రాత. మా తాతది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యే వరకు ఊరి లెక్కలన్నీ ఆయనే రాశారు.

నా కొడుకు పక్కనే ఉన్నాడు. ముత్తాత రాసింది అని చెప్పాను. వాడు అక్షరాలు కూడబలుక్కుని చదివి "తాత పేరు తప్పు రాశాడు కదా నాన్నా" అన్నాడు.

డప్పుదరువు గారూ, దీన్ని సరిచేయడానికి ఏమేమి కావాలి?


డప్పుదరువు

పాత పహాణీ నకళ్ళు దొరికినన్ని ఏళ్ళవి తీసుకోండి. ఒక్క ఏడాదిది చాలదు. లావణి పట్టా అసలు కాగితం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం కావాలి. సర్కారు భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో దరఖాస్తు పెట్టాక విచారణకు వస్తారు. అప్పుడు ఊరి పెద్దమనుషుల వాంగ్మూలం అడుగుతారు. మా దగ్గర అది ఇవ్వడానికి ఒక్కరూ ముందుకు రాక ఏడాది పోయింది. మీకు ఆ కష్టం ఉండకూడదు. రాసినవారి కొడుకు మీ ఇంట్లోనే ఉన్నారు. ఆ పేరు, ఈ పేరు ఒక మనిషివేనని మీ నాన్నగారు వచ్చి చెబితే దానికి మించిన సాక్ష్యం ఉండదు. మీ తాతగారి పాత దఫ్తరం, అంటే లెక్కల కాగితాల కట్ట ఏదైనా మిగిలి ఉంటే వెతకండి.

ఇంకో మాట. తాతా అనిపించుకోవాలని ఆయనను తొందరపెట్టకండి. మీ ఇంట్లో ఎవరిని ఏమనాలో మీ కొడుకుకు చెప్పండి, చాలు. ఆయన మిమ్మల్ని ఏమని పిలవాలో ఆయన చూసుకుంటారు.


తండా గాలి

ఆ రాత్రి ఫోన్ చేశాను. తనకు నీళ్ళ సంగతి తేదీతో సహా గుర్తుంది. నేను మరిచిపోయానేమో అనుకుందట.


డిండివాగు

సోమవారం ఉదయం ఆయనతో, ఆయన కొడుకుతో కలిసి దరఖాస్తు ఇవ్వడానికి వెళుతున్నాం. సెలవు పెట్టించి నా కొడుకును కూడా తీసుకువెళుతున్నాను. నిన్న రాత్రి ఫోన్‌లో మా నాన్నను సాక్ష్యం చెప్పడానికి వస్తారా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. అవుననలేదు, కాదనలేదు. ఉదయం అమ్మ ఫోన్ చేసింది. తాత దఫ్తరం ఉన్న చెక్కపెట్టెను అటక మీది నుంచి దింపించి, నాన్న ఇంకా దాని ముందే కూర్చుని ఉన్నారట.